సున్నం కింద పసుపు అక్షరాలు

"ఊరందరికీ కళ్ళ పటాలు రాసిపెట్టాడు. సొంత కూతురి కన్ను మాత్రం చూసుకోలేకపోయాడు, పాపం."

మా తమ్ముడు పోయిన రోజున మా వాకిట్లో కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మా మరదలి మేనత్త అన్న మాట ఇది. చివర్లో "పాపం" అని తగిలించింది కనుక ఎవరూ తప్పు పట్టలేదు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. కాయితం ముందు కూర్చుంటే మాత్రం ఎవరూ అడ్డం రారు. వాడు ఎలాంటివాడో, ఆ కన్ను ఎలా పోయిందో, ఎవరు చూడలేదో ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడు బోర్డులు రాసేవాడు. వాడిని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ బోర్డులాయనే. మా అమ్మ పోయేనాటికి వాడు నా చంకలో పిల్లాడు. బొగ్గు దొరికితే గోడ మీద, సుద్ద దొరికితే గచ్చు మీద, ఏదీ దొరక్కపోతే తడి వేలితో నా వీపు మీద రాసేవాడు. పెద్దయ్యాక అదే పని అయింది. పసుపు అక్షరం, వెనక నల్లటి నీడ, అదీ వాడి పద్ధతి. వీధి మొదట్లో నిలబడితే వీధి చివరి కొట్టు పేరు కనిపించేది. "అక్షరం చదివేవాడికి దారి చూపాలక్కా. అందచందాలు తర్వాత" అనేవాడు.

ఫ్లెక్సీలు వచ్చాక వాడి నిచ్చెన చాలా రోజులు గోడకే ఆని ఉండేది. మిగిలినవి బళ్ళు, కళ్ళజోళ్ళ కొట్టు, పెద్దాసుపత్రి. ఆ ఆసుపత్రిలో ఏ మూల చూసినా వాడి చెయ్యే. ఎముకల విభాగం ఒక బిల్డింగు, చర్మం ఒక బిల్డింగు, కళ్ళు ఇంకో బిల్డింగు. మధ్యలో సైకిళ్ళ షెడ్డు. ఏ బిల్డింగుకి ఎటు పోవాలో బాణాలు వేసింది మా తమ్ముడే. మోకాలి దగ్గర నుంచి కంటి దగ్గరికి బాణం వెయ్యమని మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

వాడికి ఒక్కతే కూతురు. తండ్రి నిచ్చెన వేస్తే చాలు, వాడికంటే ముందు ఎక్కి కూర్చునేది. అందుకని ఉడత అని పేరు పడింది. బడిలో చేరకముందే నిచ్చెన మీద నుంచి దారిన పోయేవాళ్ళకి కొట్ల పేర్లు చదివి వినిపించేది. వెనక గదిలో ఉండే నాకు, పొద్దున్నే గోడ అవతల దాని అరుపులే గడియారం.

ఒకరోజు అరుపు వినిపించలేదు. వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చుని ఉంది. "అత్తా, నా కాలు ఇంకా లేవలేదు" అంది. నేను నవ్వాను. మా మరదలు కూడా నవ్వింది. దించి నిలబెడితే కొయ్యబొమ్మలా నడిచింది. మోకాలు వాచి వెచ్చగా ఉంది. మధ్యాహ్నానికి మామూలుగానే గెంతింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అంతే.

"నిచ్చెన మీద నుంచి పడి ఉంటుంది, చెప్పట్లేదు" అంది మా మరదలు.

"నేను పడను. నాన్నే పడతాడు" అంది ఉడత.

వీధి చివరి డాక్టరు మోకాలు చూడకుండానే ఎదిగే నొప్పులన్నాడు. "ఎదిగేది పిల్లంతా కదండీ, ఒక్క మోకాలేనా?" అని అడిగాడు మా తమ్ముడు. డాక్టరుకి కోపం వచ్చింది. అక్కడి నుంచి ఎముకల బిల్డింగుకి వెళ్ళారు. కట్టు వేసి పంపారు. కట్టు విప్పేసరికి కాలు పుల్లలా సన్నబడి, వంగిన చోటే ఉండిపోయింది. రెండో మోకాలూ వాచింది. చేతివేళ్ళు కూడా వాచాయి. గోళ్ళ మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. తలలో పొలుసులు కట్టి రాలేవి. బడిలో పక్కపిల్ల వాళ్ళమ్మ వచ్చి, పేలు అంటుకుంటాయని బెంచీ మార్పించింది. పేలు కావు. ఎవరితో చెప్పుకుంటాం?

మా మరదలు ఊరుకునే మనిషి కాదు. ఎముకల డాక్టరునే అడిగింది. "అయ్యా, కాలు వాచినప్పటి నుంచే తలలో కూడా ఇలా అవుతోంది. రెండిటికీ ఏమైనా ఉందంటారా?"

ఆయన నవ్వాడు. పక్కనున్న కుర్ర డాక్టర్లకి వినిపించేలా, "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకమ్మా" అన్నాడు. వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ ముడి నిజంగానే ఉంది మరి. ఆ జబ్బంటేనే ఆ ముడి. అది తెలిసి ఉండాల్సినవాళ్ళు సామెత చెప్పి నవ్వారు. తెలియని ఇల్లాలు సరిగ్గా అడిగి సిగ్గుపడి వచ్చింది.

చర్మం బిల్డింగులో తలకి నూనె రాశారు. ఎముకల బిల్డింగులో వాపు తగ్గడానికి స్టెరాయిడు మాత్రలు ఇచ్చారు. వాపు తగ్గింది. మొహం మాత్రం గుమ్మడికాయలా ఉబ్బింది. చూసినవాళ్ళు "పిల్ల ఒళ్ళు చేసిందే, మంచి తిండి పెడుతున్నారు" అన్నారు. చర్మం డాక్టరు ఆ మాత్రల చీటీ చూసి మండిపడింది.

"ఇవి ఎవరిచ్చారు? ఈ చర్మానికి ఇవి పనికిరావు. ఆపేయండి."

పెద్ద డాక్టరు ఆపమంటే ఆపకుండా ఎవరుంటారు? మా మరదలు ఆ రోజే ఆపేసింది. కొద్ది రోజులకే పిల్ల వాడిన తోటకూర కాడలా వేలాడిపోయింది. వాంతులు, కళ్ళు తేలవేయడం. భుజాన వేసుకుని పరిగెత్తారు. ఇప్పుడు కోప్పడడం ఎముకల డాక్టరు వంతు.

"ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపుతారా ఎవరైనా? మెట్టు మెట్టుగా దించాలి. ప్రాణం మీదకి వచ్చేది!"

"ఆ బిల్డింగులో ఆపమన్నారండీ."

"వాళ్ళకేం తెలుసమ్మా కీళ్ళ గురించి?"

మా మరదలు ఏడుస్తూనే అంది. "అయ్యా, కీలు మీద చర్మం ఉంటుంది కదండీ. రెండూ ఒకే పిల్లవి. సైకిళ్ళ షెడ్డు దాటి మీరు ఒక్కసారి వాళ్ళతో మాట్లాడితే మా చేత ఇన్ని తప్పులు చేయించరు కదండీ."

ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఇక కంటి సంగతి. కళ్ళజోళ్ళ కొట్టాయన బళ్ళకి పంచిపెట్టడానికి కళ్ళ పటాలు రాయమని మా తమ్ముడికి పని ఇచ్చాడు. రేకు మీద తెల్లరంగు, దాని మీద నల్లక్షరాలు. పైన పెద్దది, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. చివరి వరుస రాయడానికి నాలుగు వెంట్రుకల కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. కాళ్ళ నొప్పులతో పరుగులు మాని ఉడత వాడి పక్కనే పీట వేసుకుని కూర్చునేది. వాడు రాస్తుంటే ఇది పాడేది. "గ, ప, వ... ల, న, ద, య..." వరుస మారినప్పుడల్లా రాగం మార్చేది. రేకులన్నీ గోడవారన ఆరబెడితే, వాటి ముందు నడుస్తూ పై నుంచి కిందికి, కింద నుంచి పైకి పాడుకునేది. నాకే వచ్చేసింది ఆ పాట, అంట్లు తోముకుంటూ విని విని.

బడిలో కంటిపరీక్ష పెట్టారు. తగిలించింది మా తమ్ముడు రాసిన రేకునే. ఒక కన్ను మూయించి చదవమన్నారు, రెండోది మూయించి చదవమన్నారు. ఉడత రెండుసార్లూ చివరి వరుస దాకా గడగడా చదివేసింది. పరీక్ష చేసినాయన "డేగ కళ్ళమ్మా నీవి!" అని మెచ్చుకున్నాడు. "మా నాన్న రాసిందే" అంది అది. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ సాయంత్రం మా తమ్ముడు నాతో చెప్పుకుని మురిసిపోయాడు. "కాళ్ళు దెబ్బతిన్నా కళ్ళు మాత్రం బంగారమక్కా" అన్నాడు.

ఆ పిల్ల మోసం చెయ్యలేదు. పాట వచ్చు, పాడింది. ఎడమకంటికి ఆ అక్షరాలు కనిపించడం లేదన్న సంగతి దానికే తెలియదు. కుడికన్ను రెండు కళ్ళ పనీ చేస్తోంది. కొంచెం కొంచెంగా మసక కమ్మితే చిన్నపిల్ల ఏమని చెబుతుంది? లోకం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటుంది.

కొన్నాళ్ళకి కళ్ళజోళ్ళ కొట్టాయన అక్షరాలు మార్చి కొత్త పటం రాయమన్నాడు. మా తమ్ముడు రాసి, ఆరిందో లేదో చూసి, గోడకి తగిలించి, అలవాటుగా కూతుర్ని పిలిచాడు. "ఏదీ, బడిలో చదివినట్టు కుడికన్ను మూసుకుని చదువు. అక్షరం సరిగ్గా పడిందో లేదో చూద్దాం."

ఉడత కుడికన్ను మూసుకుని పాట మొదలుపెట్టింది. "గ, ప, వ..."

వాడు నవ్వాడు. "ఒసేయ్, పాత పాట పాడతావేంటే? అక్షరాలు మారిపోయాయి."

"ఎక్కడ?"

"అక్కడే. నీ ఎదురుగా."

"ఎదురుగా ఏముంది నాన్నా?"

వాకిట్లో బియ్యం ఏరుతున్న నేను తలెత్తాను. మా తమ్ముడి చేతిలో కుంచె అలాగే ఉంది. దాని నుంచి నల్లరంగు బొట్టుబొట్టుగా వాడి పాదం మీద పడుతోంది. వాడికి తెలియడం లేదు.

కళ్ళ బిల్డింగులో గడ్డం ఆనించే యంత్రం ముందు కూర్చోబెట్టి, సన్నటి వెలుగు వేసి చూశారు. కంటి డాక్టరు రెండు కళ్ళూ మళ్ళీ మళ్ళీ చూశాడు. తర్వాత చెప్పాడు. ఎడమకంటి లోపల మంట ఎప్పటి నుంచో ఉంది, కంటిపాప అతుక్కుపోయింది, శుక్లం కమ్మింది. కుడికంట్లో కూడా నిప్పురవ్వల్లాంటివి మొదలయ్యాయి.

"కన్ను ఎర్రబడలేదండీ. నొప్పని ఒక్కనాడూ అనలేదు" అన్నాడు మా తమ్ముడు.

"ఈ మంటకి ఎరుపు ఉండదు, నొప్పీ ఉండదు. అదే దీని దుర్మార్గం. కీళ్ళ వాపున్న పిల్లల్లో కొందరికి ఇది వస్తుంది. వాపు తెలిసిన రోజునే ఇక్కడికి తీసుకొచ్చి, ఆ తర్వాత కూడా విడవకుండా చూపిస్తూ ఉండాల్సింది."

"ఎవరూ చెప్పలేదండీ."

"మీరు అడగాల్సింది."

మా తమ్ముడు అరిచే మనిషి కాదు. ఆ రోజు గొంతు లేచింది. "ఏమని అడగమంటారండీ? మోకాలికీ కంటికీ ఏం సంబంధమని అడగాలంటే, సంబంధం ఉందని ముందు నాకు తెలియాలి కదా? మా ఇంటిది తలకీ మోకాలికీ అడిగితేనే నవ్వి పంపారు!"

మేనత్తగారికి నేను చెప్పదలుచుకున్న జవాబు ఇదే. ఆ మోకాలు పట్టుకుని ఇంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగారు. ఒక్కరూ కంటి గురించి ఒక్క ముక్క అనలేదు. కూలి పని చేసుకునే తండ్రి కనిపెట్టి ఉండాల్సిందా? కంటి డాక్టర్లే యంత్రం పెడితే తప్ప చూడలేని మంటని వాడు మామూలు కళ్ళతో చూసి ఉండాల్సిందా?

ఆ కంటి డాక్టరే, ఆ మాట అన్నందుకేమో, తలొంచుకుని ఒక దారి చెప్పాడు. పిల్లల కీళ్ళవాతానికి ప్రత్యేకంగా చదివిన డాక్టరమ్మ ఒకావిడ ఈ ఆసుపత్రికే వారానికోసారి వస్తుందని, ఆవిడకి తనే ఫోను చేస్తానని అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక డాక్టరు ఇంకో డాక్టరుతో మాట్లాడడం మేం మొదటిసారి చూశాం.

డాక్టరమ్మ ఉడతని తల నుంచి గోళ్ళ దాకా చూసింది. గోళ్ళ మీద గుంటల్ని భూతద్దంతో చూసింది. తర్వాత మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"కంచే చేను మేస్తే అంటారు కదా, అలాంటిదే ఇది. ఒంటికి కాపలా కాయాల్సిన బలం ఒంటి మీదకే తిరగబడింది. కీళ్ళ వాపు, చర్మం పొలుసులు, కంటి మంట, వేటికి వాటికి పేర్లున్నాయి. కొందరు పిల్లల్లో ఇలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఒక్కోదానికి ఒక్కో మందు రాసుకుంటూ పోతే లాభం లేదు. మూడింటినీ కలిపి చూడాలి. ఎడమకంటికి ఎంత చూపు మిగులుతుందో చెప్పలేను. కుడికన్ను మాత్రం దక్కించుకోవాలి."

ఆ మాటతో మా ఇంట్లో పనులన్నీ ఒకే పని అయిపోయాయి, కుడికన్ను దక్కించుకోవడం. కంట్లో చుక్కలు. స్టెరాయిడు మాత్రలు ఆవిడ చెప్పినట్టు మెట్టు మెట్టుగా దించడం. వారానికి ఒక్కరోజు వేసే మాత్రలు. "ఒక్కరోజే. మర్చిపోయి రోజూ వేస్తే విషమవుతుంది" అని మా మరదలి చేత మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించుకుంది. ఆ మందు ఒంట్లో దేన్నీ దెబ్బతీయకుండా ఒక విటమిను, లివరు బాగుందో లేదో చూడ్డానికి రక్తపరీక్షలు. వంగిపోయిన కాలికి కసరత్తులు.

ఆ వారం మాత్రలు పసుపురంగువి. వేసుకున్న రోజు వాంతులయ్యేవి. పోనుపోను మాత్ర చూస్తేనే వాంతి వచ్చేది. ఆ తర్వాత ఏ పసుపు చూసినా అంతే. ఒకరోజు మా తమ్ముడు రంగు డబ్బా మూత తీస్తే, పిల్ల నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. వాడు మూత పెట్టేసి, డబ్బాని గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. అప్పటి నుంచి నీలం అక్షరాలే.

"ఏమయ్యా బోర్డులాయనా, నీ పసుపు ఏమైంది?" అని కొట్లవాళ్ళు అడిగేవాళ్ళు.

"ఎండిపోయిందండీ" అనేవాడు.

ఆ పసుపే వాడి అన్నం. ఎవరితోనూ కారణం చెప్పలేదు.

మేనత్తగారు ఆ రోజుల్లోనే వచ్చింది. "క్యాన్సరు వాళ్ళకిచ్చే మందట కదా! పసిపిల్లకి అంత విషం పోస్తారా? ఆపి పారేయండి. నేనొక ఆకుపసరు తెస్తా, మూడు పూటలు తాగితే అన్నీ పోతాయి."

"క్యాన్సరుకైతే చాలా ఎక్కువ ఇస్తారట అత్తా, దీనికిచ్చేది చాలా తక్కువట" అంది మా మరదలు.

"డాక్టర్లు అలాగే అంటారు."

ఉడత తలెత్తింది. "అమ్మమ్మా, ఆ పసరు నువ్వే తాగు. తగ్గితే నీ కళ్ళజోడు నాకిచ్చెయ్."

మందు ఆపమన్నదీ ఆవిడే. కన్ను చూసుకోలేదన్నదీ ఆవిడే. ఆ రోజు ఆవిడ మాట విని ఉంటే కుడికన్ను కూడా పోయేది. ఆ లెక్క ఆవిడకి ఎవరు చెబుతారు?

కీళ్ళు మెత్తబడ్డాయి, తల బాగుపడింది. కుడికంట్లో రవ్వలు మాత్రం చల్లారలేదు. డాక్టరమ్మ ఇంకో మెట్టెక్కింది. చర్మం కింద పొడిచే ఇంజెక్షను, చల్లగా దాచిపెట్టాల్సింది. అది ఇచ్చే ముందు ఒంట్లో పాత క్షయ దాగి ఉందేమో పరీక్ష చేయించింది. "ఒంట్లో మంట రేపమని కబురు మోసే దూతని దారిలోనే ఆపుతుంది ఇది" అంది. మా మరదలు సూది పొడుస్తుంటే నేను పొట్ట మీద చర్మం పట్టుకునేదాన్ని.

"చీమ కుట్టినట్టేనే" అన్నాను.

"నువ్వు పొడిపించుకుని చెప్పు అత్తా. తేలు" అంది.

కొన్ని నెలలకి కంటి డాక్టరు యంత్రంలోంచి తల తీసి, "కుడికంట్లో రవ్వలు లేవు" అన్నాడు. మా తమ్ముడు ఆ మాట మళ్ళీ చెప్పించుకుని విన్నాడు. మంట చాలాకాలం సద్దుమణిగి ఉన్నాక ఎడమకంటికి ఆపరేషను చేశారు. పెద్ద పెద్ద ఆకారాలు కనిపించేంత చూపు వచ్చింది. అంతకన్నా రాదన్నారు.

వాడు అక్కడితో ఊరుకోలేదు. పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగాడు. "కీళ్ళు వాచిన పిల్లలకి కళ్ళు చూపించమని ఎవరు చెప్పాలండీ?"

"మేమే" అంది ఆవిడ.

"మరి ఎముకల డాక్టరు గది బయట గోడ మీద రాస్తాను. అక్షరం వంకర పోకుండా రాస్తాను."

"నన్ను అడిగితే కాదనాలి. అందుకని అడక్కండి."

సెలవు రోజున నిచ్చెన, రంగులు మోసుకుని వెళ్ళాడు. నేనూ ఉడతా వెంట వెళ్ళాం. ఎముకల బిల్డింగు వరండా పొడుగ్గా ఉంటుంది. వాడు గోడ మీద నీలంతో మొదటి మాట రాశాడు. ఉడత ఆ చివర నిలబడి కుడికన్ను అరచేత్తో మూసుకుంది.

"కనిపిస్తోందా?"

"లేదు."

ఇంకా పెద్దది చేశాడు.

"ఇప్పుడు?"

"మబ్బులా ఉంది. నాన్నా, పసుపు పెట్టు. నల్ల మీద పసుపు. నువ్వు కొట్లకి రాసినట్టు."

వాడు నిచ్చెన మీద నుంచే అన్నాడు. "నీకు వాంతి వస్తుందే."

"వస్తే వచ్చింది. నా ఎడమకంటికి కనిపిస్తే అందరికీ కనిపిస్తుంది కదా."

వాడు నిచ్చెన దిగాడు. ఇంటికి వెళ్ళి అటక మీద డబ్బా తెచ్చాడు. మూత తెరిస్తే పైన మందంగా తొక్క కట్టి ఉంది. కత్తితో కోస్తే అడుగున రంగు బతికే ఉంది. ఉడత వరండా పక్కకి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను నీళ్ళిచ్చాను. మూతి కడుక్కుని, ముక్కు మూసుకుని, మళ్ళీ వచ్చి చివర నిలబడింది. కుడికన్ను మూసుకుంది. వాడు నల్లరంగు వేసి, దాని మీద పసుపుతో ఒక్కో మాటా రాస్తుంటే ఇది ముక్కు గొంతుతో చదివింది. ఈసారి పాట కాదు. తడుముకుంటూ, ఒక్కో అక్షరం పట్టుకుంటూ చదివింది.

పిల్లల మోకాలు వాచిందా? ఇవాళే కళ్ళు చూపించండి. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు. అయినా చూపు పోతుంది.

"కింద 'నా బిడ్డకి పోయింది' అని రాస్తాను" అన్నాడు.

"వద్దు. నాకు సగమే పోయింది. అది చూస్తే భయపడి ఎవరూ లోపలికి రారు. బాణం వెయ్యి చాలు."

కళ్ళ బిల్డింగు వైపు బాణం వేశాడు.

వారం తిరక్కుండానే సూపరింటెండెంటు పిలిపించాడు. "గోడ ఆసుపత్రిది. అనుమతి లేకుండా ఎలా రాస్తావు? చదివినవాళ్ళు మేమేదో చెప్పకుండా దాచామనుకుంటారు."

"అయ్యా, ఆ గోడ మీద ఉమ్మినవాళ్ళని ఏమీ అనరు. రాసినవాడిని మాత్రం పిలిపించారు."

"ఎక్కువ మాట్లాడకు. నువ్వే సున్నం వేసి కప్పెయ్. లేకపోతే ఇక్కడ నీకు పని ఉండదు."

వాడు ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. మర్నాడు వెళ్ళి సున్నం వేసి వచ్చాడు. మా మరదలికి ఒళ్ళు మండిపోయింది. "నీ చేత్తో నువ్వే కప్పావా? పిల్ల వాంతి చేసుకుని మరీ రాయించిందయ్యా!"

వాడు చేతులు కడుక్కుంటూ అన్నాడు. "సున్నం వెయ్యమన్నారు, వేశాను. కింద రంగు గోకమని చెప్పలేదుగా. ఎనామెలు రంగు మీద సున్నం నిలుస్తుందా ఎక్కడైనా?"

తొలి వానకే చెమ్మ తగిలి సున్నం పెచ్చులుగా రాలింది. "మోకాలు" బయటికి వచ్చింది. కొన్నాళ్ళకి "కళ్ళు" వచ్చింది. మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేశాడు. మళ్ళీ రాలింది. ఏటా ఇదే తంతు. సూపరింటెండెంటు మారాడు, గోడ మారలేదు.

ఈ చలికాలంలో మా తమ్ముడు నిద్రలోనే పోయాడు. ఆసుపత్రివాళ్ళు ఈసారి వేరే మనిషి చేత సున్నం వేయించారు. పూత మందంగా పట్టించాడు, పని తెలిసినవాడే. మా తమ్ముడు పోయాక మొదటిసారి ఉడతని పరీక్షకి తీసుకెళ్ళింది నేనే. మా మరదలు ఇంకా గడప దాటడం లేదు. ఉడత ఇప్పుడు నాకంటే పొడుగు. కుడికన్ను చల్లగానే ఉందన్నారు. బయటికి వచ్చి గోడ ముందు ఆగింది. అంతా తెలుపు. ఒక మూల చిన్న పగులు, అందులో పసుపు గీత.

గోరు పెట్టి గోకడం మొదలుపెట్టింది. ఒకప్పుడు వాచి ముడుచుకోలేని వేళ్ళు అవి.

మెట్ల దగ్గర కాపలా మనిషి లేచి వచ్చాడు. నేను ఉడత మోచెయ్యి పట్టుకుని లాగాను. అతను ఇటూ అటూ చూసి, జేబులోంచి ఒక నాణెం తీసి దాని చేతిలో పెట్టాడు.

"గోరు పోతుంది తల్లీ. దీంతో గోకు. మీ నాన్న కూడా ఆ మూల నుంచే మొదలుపెట్టేవాడు."

నేను ఆ మనిషి మొహం వంక చూస్తూ నిలబడిపోయాను. మా తమ్ముడు చెమ్మ కోసమే కాచుకుని కూర్చోలేదన్నమాట.

పెచ్చులు రాలి ఉడత చెప్పుల మీద పడుతున్నాయి. ముందు బాణం బయటపడింది. ఆ పైన "కళ్ళు". మోకాలు వాచిన పిల్లాడిని ఎత్తుకుని ఎముకల డాక్టరు గది ముందు నిలబడ్డ ఒకావిడ మా వెనక నుంచి అడిగింది.

"ఏం రాసుందమ్మా అక్కడ?"

ఉడత నాణెం ఆపలేదు. నేనే చెప్పాను. పై నుంచి కింద దాకా, ఇంకా సున్నం కింద ఉన్న మాటలతో సహా, వరండా అంతా వినిపించేలా చెప్పాను. ఆవిడ గోడ వంక చూసింది, పిల్లాడి కళ్ళలోకి చూసింది. వాడిని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, బాణం చూపిన వైపు సైకిళ్ళ షెడ్డు దాటి నడిచింది.